మేత షాపు అప్పు లెక్కలు కంప్యూటర్‌లోకి: రూటర్ బిగించడం నుంచి క్లౌడ్ కాపీ దాకా

అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మొదలుకొని పైన సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల మేత, మందుల షాపులు నడిపేవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. పుస్తకంలోని అప్పు ఖాతాలను కంప్యూటర్‌లోకి ఎలా తేవాలి? షాపులో గుమాస్తా రాసింది రొయ్యల గుంట గట్టు మీదున్న నా ఫోన్‌లో ఎలా కనిపించాలి? కంప్యూటర్ పోతే లెక్క పోకుండా ఏం చేయాలి?

మూడింటికీ కలిపి ఈ మార్గదర్శి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇది బదులు కాదు. జీఎస్టీ బిల్లులు మీరు కొట్టేచోటే కొట్టుకోండి. ఇక్కడ చూసేది అప్పు లెక్క ఒక్కటే. కిరాణా, ఎరువులు, ఐరన్ షాపులవాళ్లు కూడా పేర్లు మార్చుకొని వాడుకోవచ్చు.

మొదట ఒక నియమం పెట్టుకోండి: ఏ పనికైనా ఒక్కటే చోటు. నెట్‌వర్క్‌లో అడ్రసులు పంచేది ఒకే పెట్టె, లావాదేవీ రాసేది ఒకే షీటు, ఫైల్ ఉండేది ఒకే ఖాతా. షాపుల్లో వచ్చే గందరగోళం చాలావరకు ఇవి రెండేసి ఉండడం వల్లే వస్తుంది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కొత్త కంప్యూటర్ కొనాల్సిన పని లేదు. బ్రౌజర్ సాఫీగా తెరుచుకునే పాత డెస్క్‌టాప్ చాలు. స్పీడ్ ప్లాన్ మీద కూడా డబ్బు పోయకండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే లెక్క ప్రకారం సెకనుకు 12.5 మెగాబైట్లు. మన షీటుకు అందులో పిసరంత సరిపోతుంది. సీసీ కెమెరాలను ఇంటినుంచి చూసేవాళ్లు మాత్రం అప్‌లోడ్ స్పీడ్ ఎంతో అడిగి తెలుసుకోవాలి.

చేతిలో ఉండాల్సినవి:

- ఫైబర్ కనెక్షన్, దాంతో వచ్చిన పెట్టె. చాలాచోట్ల ఇప్పుడు రూటర్ అందులోనే ఉంటుంది.
- రూటర్‌కు సరిపడే చిన్న యూపీఎస్, డెస్క్‌టాప్‌కు వేరే యూపీఎస్
- క్యాట్ 6 రకం రాగి నెట్‌వర్క్ కేబుల్, అవసరమైతే 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక లైనును నాలుగైదు పరికరాలకు పంచే పెట్టె)
- షాపు పేరు మీద సిమ్ ఉన్న ఒక ఫోన్ నంబర్
- పాత అప్పు పుస్తకాలన్నీ
- ఒక పెన్‌డ్రైవ్

మొదలుపెట్టే రోజు కూడా చూసుకోండి. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1 మంచిది. కుదరకపోతే ఏదైనా నెల ఒకటో తేదీ. పట్టుబడులు (గుంటల్లో రొయ్యలు పట్టడం) జోరుగా ఉన్న వారంలో మాత్రం వద్దు. అప్పుడు పుస్తకం చూడడానికే తీరిక ఉండదు.

## 2. రూటర్, కేబుళ్లు

### 2.1 ఎక్కడ పెట్టాలి

ఫైబర్ వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే, తలుపు పక్కన నేలమీద పెట్టించుకోవడం మామూలైపోయింది. అలా వద్దు. మనిషి తల ఎత్తులో, షాపు మధ్యకు దగ్గరగా, గోడకు బిగించండి. ఇనుప బీరువా వెనక, మేత బస్తాల నిట్టు వెనక పెడితే సిగ్నల్ చచ్చిపోతుంది. వానాకాలంలో షాపులోకి నీళ్లొచ్చే ఊళ్లలో ఎత్తు ఇంకా ముఖ్యం.

ఫైబర్ వైరును గట్టిగా మడిచి మేకు చుట్టూ తిప్పకూడదు. లోపల ఉండేది గాజు పోగు. గుండ్రంగా, వదులుగా చుట్టి కట్టాలి.

డెస్క్‌టాప్‌కు వైఫై కాకుండా కేబుల్ వేయండి. రాగి కేబుల్ ఒక ముక్క 100 మీటర్లు దాటకూడదు. కరెంటు వైర్ల పక్కనే జతగా లాగొద్దు. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

తీరం దగ్గరి షాపులకు ఒక మాట. ఉప్పుగాలికి కేబుల్ కొనలు, పోర్టుల్లోని పిన్నులు పాచిపట్టినట్టు పచ్చబడతాయి. నెట్ వస్తూ పోతూ ఉంటే ముందు ఆ కొనను చూడండి. కొన కత్తిరించి కొత్తది వేయించడం చవకైన పని.

### 2.2 గోడౌన్‌కు లైన్

షాపు నుంచి రోడ్డు అవతలి గోడౌన్‌కు రాగి కేబుల్‌ను గాలిలో వేలాడదీయొద్దు. దగ్గర్లో పిడుగు పడితే ఆ వైరు వెంట వచ్చిన వోల్టేజికి రెండువైపులా పోర్టులు కాలిపోతాయి. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే మనకు ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. రెండు భవనాల మధ్య ఇనుప తీగ లేని ఫైబర్ వేయించి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టెలు) పెట్టించండి. ఖర్చు కొంచెం ఎక్కువే గానీ, ఒక్కసారి పిడుగు తప్పినా గిట్టుబాటే.

### 2.3 అడ్రసులు పంచేది ఒక్కటే

గోడౌన్‌లో రెండో రూటర్ పెట్టగానే ప్రింటర్ కనిపించకపోవడం, కొన్ని ఫోన్లకు నెట్ రాకపోవడం మొదలవుతుంది. కారణం ఇది: ప్రతి పరికరానికీ నెట్‌వర్క్‌లో ఒక నంబర్ అడ్రసు కావాలి, ఆ అడ్రసులు పంచే పనిని రెండు పెట్టెలూ చేస్తున్నాయి.

సరిచేసే వరుస:

1. రెండో రూటర్‌ను ఒక్కదాన్నే కంప్యూటర్‌కు కలిపి దాని సెట్టింగ్స్ పేజీ తెరవండి. అడ్రసు చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. పెట్టె అడుగున చీటీ మీద రాసి ఉంటుంది.
2. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేది) ఉంటే అది ఎంచుకోండి. పని అయిపోయింది.
3. అది లేకపోతే రూటర్ సొంత అడ్రసును మార్చండి. మొదటి రూటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. తర్వాత డీహెచ్‌సీపీ (DHCP) ఆపేయండి, అడ్రసులు పంచేది అదే.
4. మొదటి రూటర్ నుంచి వచ్చే కేబుల్‌ను దీని ల్యాన్ (LAN) పోర్టులో పెట్టండి. ఇంటర్నెట్ లైను కోసం ఉండే వ్యాన్ (WAN) పోర్టులో కాదు.
5. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వండి.

వైఫై ప్రింటర్ ఉంటే మొదటి రూటర్‌లో దానికి ఎప్పుడూ మారని ఒక అడ్రసు రిజర్వ్ చేయండి. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపించే తలనొప్పి దాంతో తగ్గుతుంది.

### 2.4 పాస్‌వర్డులు

రెండు ఉంటాయి, చాలామంది ఒకటే మారుస్తారు. వైఫైకి ఒకటి, రూటర్ సెట్టింగ్స్ పేజీకి ఇంకొకటి. రెండూ మార్చండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ (WPS) ఆపేయండి. సీసీ కెమెరా పెట్టెకు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంటే అదీ మార్చండి.

షాపుకొచ్చే రైతులు వైఫై అడుగుతారు, కాదనలేం. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. లెక్కల కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ వాళ్లకు కనిపించదు.

### 2.5 కరెంటు

ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు. మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో కొన్ని రూటర్లు రీస్టార్ట్ అవుతాయి, డెస్క్‌టాప్ ఆరిపోవచ్చు. రూటర్‌కు చిన్న యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసిన వోల్టులు చూడండి. చాలావాటికి 12 వోల్టులు. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా పర్లేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను లోపల ప్లస్, బయట మైనస్ గుర్తు కూడా కలవాలి.

### 2.6 నెట్ రాకపోతే చూడాల్సిన వరుస

- పెట్టె మీద లాస్ (LOS) అనే ఎర్ర లైటు వెలుగుతోందా? అయితే తప్పు ఫైబర్ వైరుది లేదా బయట లైనుది. ఫైబర్ కొన సరిగా కూర్చుందో చూసి, కంపెనీకి ఫోన్ చేయడమే. సెట్టింగ్స్ కెలకొద్దు.
- ఎర్ర లైటు లేదు, కేబుల్ మీదున్న కంప్యూటర్‌కు నెట్ ఉంది, ఫోన్‌కు లేదు. అప్పుడు సమస్య వైఫైది.
- దేనికీ లేదు. పెట్టెను ఆపి, అర నిమిషం ఆగి, వేసి, మూడు నాలుగు నిమిషాలు ఓపిక పట్టండి.
- పెట్టె వెనక సూదితో నొక్కే రీసెట్ బటన్ జోలికి మాత్రం పోవద్దు. కంపెనీవాళ్లు వేసిన సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోతాయి, మనిషి వచ్చేదాకా షాపు ఆగిపోతుంది.

## 3. షాపుకంటూ ఒక ఖాతా

లెక్కల ఫైల్ గుమాస్తా జీమెయిల్‌లోనో, చదువుకోడానికి హైదరాబాద్ వెళ్లిన అబ్బాయి జీమెయిల్‌లోనో ఉండకూడదు. షాపు పేరుతో కొత్త గూగుల్ ఖాతా తెరవండి. రికవరీ నంబర్ యజమానిది ఉండాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, అది ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ప్రింటు తీసి ఇంటి బీరువాలో పెట్టండి. ఫోన్ గుంటలో పడిన రోజు ఆ కాగితమే దిక్కు.

ఎక్సెల్‌లో చేసుకోకూడదా అంటే చేసుకోవచ్చు. ఒక్కరే, ఒకే కంప్యూటర్‌లో రాస్తే ఎక్సెల్ బ్రహ్మాండంగా ఉంటుంది. షాపులో ఒకరు, గట్టు మీద ఒకరు చూసే పని కాబట్టి నేను గూగుల్ షీట్స్ అంటాను. కింద చెప్పే సూత్రాలన్నీ రెండింటిలోనూ దాదాపు ఒకేలా పనిచేస్తాయి.

ఖాళీ షీటు తెరవగానే, ఒక్క అంకె కూడా వేయకముందే, ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్లి లొకేల్ దగ్గర ఇండియా ఎంచుకోండి. ఇది మరిచిపోతే ఏప్రిల్ 3 అని మీరు వేసిన 03/04 మార్చి 4 అయి కూర్చుంటుంది. తర్వాత లొకేల్ మార్చినా అప్పటికే తప్పుగా పడిన తేదీలు వాటంతట అవి సరికావు.

## 4. షీటు కట్టడం

ఒకే ఫైల్‌లో మూడు షీట్లు: ఖాతాలు, చిట్టా, బాకీలు. చేత్తో రాసేది దాదాపు మొదటి రెండింటిలోనే. మూడోదాంట్లో ఖాతా కోడ్ చేరిస్తే చాలు, మిగతాది తనంతట తానే లెక్క వేసుకుంటుంది.

### 4.1 ఖాతాలు

కాలమ్‌లు: కోడ్, పేరు, ఊరు, ఫోన్, గుంటలో రొయ్య పిల్ల వేసిన తేదీ.

కోడ్ ఎందుకంటే, నెల్లూరు వైపు ఒక ఊళ్లో పెంచలయ్యలు, మస్తాన్‌లు ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. పైగా ఒకసారి పెంచలయ్య, ఇంకోసారి పెంచెలయ్య అని రాస్తే కంప్యూటర్‌కు వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. నాలుగు అంకెల కోడ్ ఇవ్వండి. మొదటి రెండు ఊరికి, చివరి రెండు మనిషికి. అల్లూరు 11 అనుకుంటే ఆ ఊరి మొదటి ఖాతా 1101, రెండోది 1102. ఒకసారి ఇచ్చిన కోడ్‌ను ఇంకొకరికి ఎప్పటికీ ఇవ్వకూడదు, ఆ రైతు సాగు మానేసినా సరే.

ఒకరికి మూడు గుంటలుంటే మూడు ఖాతాలు వద్దు. డబ్బు కట్టే మనిషికి ఒక ఖాతా. గుంట నంబర్ వివరంలో రాయండి. భాగస్తుల సాగైతే ఎవరి పేరున బాకీ అనేది ముందే తేల్చుకోండి, అది కంప్యూటర్ తేల్చే విషయం కాదు.

### 4.2 చిట్టా

కాలమ్‌లు ఈ వరుసలో: తేదీ, కోడ్, పేరు, వివరం, బస్తాలు, రేటు, అప్పు, జమ, బిల్లు నంబర్, రాసినవారు.

1. మొదటి వరుసలో శీర్షికలు వేసి, వ్యూ మెనూలో ఫ్రీజ్ నొక్కి దాన్ని కదలకుండా చేయండి.
2. కోడ్ కాలమ్ మొత్తం ఎంచుకొని, డేటా మెనూలోని డేటా వ్యాలిడేషన్‌లో, ఖాతాలు షీటులోని కోడ్‌లే రావాలని పెట్టండి. లిస్టులో లేనిది వేస్తే తిరస్కరించే ఆప్షన్ కూడా ఎంచుకోండి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే మిగతాదంతా చేసినా లాభం లేదు.
3. తేదీ కాలమ్‌కు కూడా వ్యాలిడేషన్ పెట్టి, సరైన తేదీ మాత్రమే అని ఎంచుకోండి.
4. పేరు కాలమ్‌లో వీలుకప్ (VLOOKUP) సూత్రం వేయండి. అది కోడ్ చూసి ఖాతాలు షీటు నుంచి పేరు తెస్తుంది. చివరి ముక్కగా ఫాల్స్ (FALSE) అని ఇవ్వాలి, లేకపోతే దగ్గర్లో ఉన్న వేరే కోడ్ పేరు తెచ్చిపెడుతుంది. కోడ్ వేయగానే పక్కన పేరు పడుతుంది కాబట్టి తప్పు మనిషికి రాస్తే అక్కడికక్కడే తెలుస్తుంది.
5. అప్పు కాలమ్‌లో బస్తాలు ఇంటూ రేటు. రేటు కాలమ్‌లో మాత్రం సూత్రం పెట్టొద్దు, అంకె చేత్తో వేయండి.

ఐదో మెట్టు దగ్గర తెలివైనవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు. రేట్ల పట్టిక వేరే షీటులో పెట్టి, రేటు అక్కణ్నుంచి దానంతటదే వచ్చేలా చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కంపెనీ బస్తా రేటు మార్చిన రోజు పట్టికలో అంకె మార్చగానే ఆరు నెలల కిందటి అమ్మకాలన్నీ కొత్త రేటుకు మారిపోతాయి, రైతు చేతిలోని బిల్లుకూ మీ లెక్కకూ పొంతన ఉండదు. అమ్మిన రోజు రేటు ఆ రోజు వరుసలో అంకెగానే ఉండాలి. నగదు రేటు, అప్పు రేటు వేరుగా ఇచ్చే షాపుల్లో ఇది ఇంకా అవసరం.

ఉదాహరణకు 25 కిలోల మేత బస్తాలు 20 ఇచ్చారు, రేటు 2,400 అనుకుందాం. బస్తాలు 20, రేటు 2400, అప్పు కాలమ్‌లో 48000 పడుతుంది. మూడు రోజులకు 4 బస్తాలు వెనక్కి తెచ్చారు. పాత వరుసలో 20ని 16గా దిద్దకండి. కొత్త వరుస వేసి, వివరంలో "వాపసు 4 బస్తాలు" అని రాసి, జమ కాలమ్‌లో 9600 వేయండి. పడిన వరుసను చెరపకపోవడం పుస్తకం నాటి పద్ధతే, ఇక్కడా అదే. తప్పు పడినా అంతే: దానికి ఎదురు వరుస వేసి, సరైనది మళ్లీ వేయాలి. ఆరు నెలల తర్వాత రైతు అడిగితే ఏం జరిగిందో చూపించగలగాలి.

### 4.3 బాకీలు

కాలమ్‌లు: కోడ్, పేరు, మొత్తం అప్పు, మొత్తం జమ, బాకీ, చివరి జమ తేదీ, చివరి సరుకు తేదీ.

మొత్తం అప్పు దగ్గర సమ్‌ఇఫ్స్ (SUMIFS) సూత్రం వాడాలి. దానికి మూడు ముక్కలు ఇవ్వాలి, మధ్యలో కామాలు: ఏ కాలమ్ కూడాలి, ఏ కాలమ్‌లో వెతకాలి, ఏం వెతకాలి. మొదటిది చిట్టాలోని అప్పు, రెండోది చిట్టాలోని కోడ్, మూడోది ఈ వరుసలోని కోడ్ గడి. షీటు పేర్లు టైప్ చేయక్కర్లేదు. సూత్రం మధ్యలో ఉండగానే మౌస్‌తో చిట్టాకు వెళ్లి కాలమ్ మీద నొక్కితే అదే రాసుకుంటుంది. జమకూ ఇదే సూత్రం, మొదటి ముక్క మాత్రం జమ కాలమ్. బాకీ అంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం.

చివరి జమ తేదీకి మ్యాక్స్‌ఇఫ్స్ (MAXIFS) కావాలి. చిట్టాలోని తేదీల్లో ఆ కోడ్‌కు సంబంధించి, జమ సున్నా కంటే ఎక్కువున్నవాటిలో పెద్దది తెస్తుంది. ఒక్క రూపాయీ కట్టని ఖాతాలో 30/12/1899 అని పడుతుంది. అది చూసి కంగారుపడొద్దు. సున్నాను తేదీగా చూపిస్తే గూగుల్ షీట్స్‌లో అలాగే వస్తుంది.

చివరి సరుకు తేదీని (ఇదే సూత్రం, జమకు బదులు అప్పు కాలమ్) చాలామంది పెట్టుకోరు. నా లెక్కలో ఈ షీటు మొత్తంలో అదే విలువైన కాలమ్. పిల్ల వేసిన గుంటకు రోజూ మేత పడాల్సిందే. అలాంటి ఖాతాలో పది రోజులుగా మేత కొనలేదంటే, రైతు ఇంకో షాపుకు మళ్లినట్టు, లేదంటే పట్టుబడి అయిపోయినట్టు. రెండిట్లో ఏదైనా మీరు ఫోన్ చేయాల్సిన సంగతే. పక్కన ఇంకో కాలమ్ పెట్టి, టుడే (TODAY) సూత్రంలోంచి చివరి సరుకు తేదీని తీసేయండి. 10 దాటి, బాకీ ఉంటే వరుస ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి.

వెన్నామీ రకం రొయ్యల సాగు మామూలుగా 90 నుంచి 120 రోజులు. ఖాతాలు షీటులో పిల్ల వేసిన తేదీకి 90 కలిపితే, ఎవరి పట్టుబడి ఎప్పుడు దగ్గర పడుతుందో వరుసగా కనిపిస్తుంది. వైట్ స్పాట్ తెగులు వచ్చి ముందే పట్టేస్తే ఈ తేదీ పనికిరాదు. అప్పుడు పట్టించేది పైన చెప్పిన చివరి సరుకు తేదీయే.

## 5. పాత పుస్తకం నుంచి మార్చడం

రెండేళ్ల పుస్తకం మొత్తం ఎక్కించాలని కూర్చుంటే మధ్యలో వదిలేస్తారు. అవసరం లేదు కూడా.

- ఒక తేదీ పెట్టుకొని, ఆ ముందురోజు రాత్రికి పుస్తకంలో ప్రతి ఖాతా బాకీ తేల్చండి.
- ప్రతి ఖాతాకూ చిట్టాలో ఒకే వరుస: వివరంలో "పాత బాకీ", అప్పు కాలమ్‌లో ఆ మొత్తం. అడ్వాన్సు ఇచ్చినవాళ్లదైతే జమ కాలమ్‌లో.
- పుస్తకంలోని మొత్తం బాకీ, బాకీలు షీటు అడుగున వచ్చే మొత్తం రూపాయి తేడా లేకుండా కలవాలి. కలవకుండా ముందుకు పోవద్దు.
- పెద్ద ఖాతాల రైతులకు ఫోన్ చేసి అంకె ఒప్పించుకోండి. తగవు ఏదైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది.
- మొదటి నెల పుస్తకం, షీటు రెండూ నడపండి. తేడా వస్తే పుస్తకాన్నే నమ్మండి. నెలాఖరుకు రెండూ కలిస్తే పుస్తకం ఆపేయండి. ఆ తర్వాత కూడా రెండూ నడిపితే ఏది నిజమో ఎవరికీ తెలియని స్థితి వస్తుంది.

పాత పుస్తకాలు పారేయొద్దు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు లెక్కల రికార్డులను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

## 6. తరచుగా వచ్చే తప్పులు

మొత్తం తక్కువగా వస్తోంది. ఎవరో "రూ. 5000" అని రాసి ఉంటారు, లేదా తెలుగు అంకెలు వేసి ఉంటారు. కంప్యూటర్ దాన్ని అక్షరాలుగా చూసి కూడడం మానేస్తుంది. మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే అంకెలు గడిలో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు అంటుకుంటాయి. కాలమ్‌ను కిందిదాకా చూస్తే ఎడమకు జరిగినవి దొరికిపోతాయి. అక్కడ ఉత్త అంకె మళ్లీ వేయండి.

చిట్టా మొత్తానికీ బాకీల మొత్తానికీ తేడా. చిట్టాలో అప్పుల మొత్తంలోంచి జమల మొత్తం తీస్తే బాకీలు షీటు మొత్తం రావాలి. రాలేదంటే కొత్త ఖాతా కోడ్ బాకీలు షీటులో చేరలేదన్నమాట. ఈ పోలికను బాకీలు షీటు పైనే ఒక గడిలో పెట్టుకోండి, అందులో ఎప్పుడూ సున్నా కనిపించాలి.

వరుసలు కలగాపులగం అయ్యాయి. ఒక్క కాలమ్‌నే ఎంచుకొని సార్ట్ చేస్తే పెంచలయ్య బాకీ మస్తాన్ ఖాతాలో పడుతుంది. వెంటనే గమనిస్తే కంట్రోల్, జెడ్ నొక్కండి. ఆలస్యంగా గమనిస్తే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్లి నిన్నటి రూపం చూసి వెనక్కి తెచ్చుకోండి. ఆ రూపం తర్వాత రాసిన వరుసలు పోతాయి కాబట్టి ముందు వాటిని వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఇకమీదట చూడ్డానికి ఫిల్టర్ వ్యూ వాడండి. అది మీ కళ్లకే మారుతుంది, షీటు మారదు.

సూత్రం చెరిగిపోయింది. సూత్రాలున్న కాలమ్‌లను, బాకీలు షీటు మొత్తాన్ని ప్రొటెక్ట్ చేసి, మార్చే హక్కు ఒక్క యజమాని ఖాతాకే ఉంచండి.

నెట్ లేని రోజు. డెస్క్‌టాప్ క్రోమ్‌లో, ఫోన్ యాప్‌లో ఈ ఫైల్‌కు ఆఫ్‌లైన్ ముందే ఆన్ చేసి పెట్టుకోండి. నెట్ పోయాక ఆన్ చేయడం కుదరదు. నెట్ లేనప్పుడు రాసేది మాత్రం ఒక్కరే అయి ఉండాలి. ఇద్దరూ విడివిడిగా ఒకే గడిలో రాస్తే నెట్ వచ్చాక ఒకరిదే మిగులుతుంది.

## 7. ఎవరికి ఏం చూపించాలి

గుమాస్తాకు అతని సొంత జీమెయిల్‌కు ఎడిటర్‌గా, ఇంట్లోవాళ్లకు వ్యూయర్‌గా ఇవ్వండి. షాపు ఖాతా పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. ఎవరి ఖాతాతో వాళ్లు రాస్తే ఏ మార్పు ఎవరు చేశారో వెర్షన్ హిస్టరీలో పేరుతో సహా ఉంటుంది. మనిషి పని మానేసిన రోజు షేర్ లిస్టులోంచి పేరు తీస్తే చాలు.

"లింక్ ఉన్న ఎవరైనా" అనే ఆప్షన్ ఎప్పుడూ వద్దు. ఆ లింక్ ఒక్కసారి వాట్సాప్ గ్రూపులోకి పోతే ఊరందరి అప్పులూ ఊరందరికీ తెలుస్తాయి.

"అన్నా, నా లెక్క పంపించు" అని రైతు అడిగితే చిట్టాలో ఆయన కోడ్‌తో ఫిల్టర్ చేసి, కనిపించే వరుసలను మాత్రం పీడీఎఫ్ చేసి పంపండి. పంపేముందు పీడీఎఫ్ తెరిచి ఇంకొకరి వరుస లేదని ఒకసారి చూసుకోండి.

## 8. కాపీలు

ఫైల్ క్లౌడ్‌లో ఉంది కదా, ఇంకా కాపీ ఎందుకు? షాపులో చెరిపితే క్లౌడ్‌లో కూడా చెరిగిపోతుంది కాబట్టి. డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫైల్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత పోతుంది. ఖాతా పాస్‌వర్డ్ ఎవరైనా కొట్టేస్తే ఫైలూ, దాని పాత రూపాలూ కలిసే పోతాయి. అన్ని చోట్లా ఒకేలా కనిపించడం వేరు, విడిగా దాచిన కాపీ వేరు.

నెలాఖరు పని:

- ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ నొక్కి ఎక్సెల్ రూపంలో దించండి.
- పేరు ఏడాది, నెల, రోజు వరుసలో పెట్టండి: చిట్టా-2026-01-31. అప్పుడు ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతట అవే తేదీ వరుసలో ఉంటాయి.
- పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటికి తీసుకెళ్లండి. షాపు సొరుగులో ఉంచితే కంప్యూటర్‌తో పాటే అదీ పోతుంది.
- ఇంకో కాపీ ఇంట్లోవాళ్ల వేరే క్లౌడ్ ఖాతాలో వేయండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా 5 జీబీ ఇస్తారు, ఈ ఫైళ్లకు అది ఎక్కువే.
- పాత నెల ఫైల్ మీద కొత్తది రాయొద్దు. ఏ నెలది ఆ నెలకే ఉండాలి.

ఊరు దాటి ఒక కాపీ ఉండడం అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్న సంగతి ఇక్కడివాళ్లకు గుర్తే. అలాంటి వరదలో షాపూ ఇల్లూ ఒకే వీధిలో ఉంటే రెండు కాపీలున్నా ఒకటే లెక్క.

బిల్లుల ఫొటోలు కూడా డ్రైవ్‌లో వేసేవాళ్లు చోటు చూసుకోవాలి. ఉచిత 15 జీబీ డ్రైవ్‌కు, జీమెయిల్‌కు, ఫొటోస్‌కు కలిపే. అది నిండితే ఆ జీమెయిల్‌కు మెయిళ్లు కూడా రావడం ఆగిపోతుంది. షాపు ఖాతాను ఫోన్‌లో వేసినప్పుడు ఫొటోస్ బ్యాకప్ ఆపేయండి, లేకపోతే పెళ్లి వీడియోలతో నిండిపోతుంది.

## 9. కాపీ పనిచేస్తుందో లేదో చూడడం

మూడు నెలలకోసారి, పని తక్కువున్న ఒక మధ్యాహ్నం:

- పెన్‌డ్రైవ్‌లోని చివరి ఫైల్‌ను షాపుది కాని వేరే కంప్యూటర్‌లో తెరవండి.
- బాకీలు షీటు మొత్తం, ఆ నెలాఖరుకు మీరు కాగితం మీద రాసి పెట్టుకున్న మొత్తంతో కలుస్తుందా?
- ఏవైనా ఐదు ఖాతాలు తీసి, రైతులకు పంపిన పీడీఎఫ్‌లతో పోల్చండి.
- సూత్రాలున్న గడుల్లో అంకెలకు బదులు ఎర్రర్లు కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఫైల్ మొత్తం మళ్లీ దించండి.
- బ్యాకప్ కోడ్‌ల కాగితం బీరువాలో ఉందా, అందులో వాడినవి కొట్టేసి ఉన్నాయా?
- షేర్ లిస్టులో పని మానేసినవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయా?
- రూటర్ యూపీఎస్ ప్లగ్ తీసేస్తే ఎంతసేపు నిలబడుతోంది? పావుగంట కూడా రాకపోతే బ్యాటరీ మార్చండి. ఈ పని అక్టోబరు వానలకు ముందే అయిపోవాలి.